మరపడవ కవాటములు

నల్లగొండ, పాలమూరు సీమలు మెట్టభూములు. ఎఱ్ఱనేలలు, గుండ్రాళ్ల గుట్టలు, వాన కురిసిన నిండి కురియనినాడు ఎండు చెఱువులు, లోతైన బావులు, ఇవియే అచ్చటి బాలబాలికలు పుట్టినది మొదలుగా చూచునవి. అట్టి సీమవారికి పడవ యంత్రమును గూర్చి చెప్పబూనుట మొదట వింతగా తోచవచ్చును. కాని ఆ సీమకు దక్షిణమున కృష్ణానది పొలిమేరయై పాఱుచున్నది. తంగిడి యొద్ద భీమానదిని, ఆలంపురమునకు చేరువ తుంగభద్రను తనలో కలుపుకొని, నల్లమల కొండల నడుమ లోతైన లోయలో సాగి, నందికొండ యొద్ద మైదానమునకు వెలువడును.

పూర్వము ఈ నదిని దాటుటకు జనులకు పుట్టియే దిక్కు. వెదురుబద్దలను పెద్ద బుట్టవలె గుండ్రముగా అల్లి, వెలుపల తోలు కప్పి పుట్టిని చేయుచుండిరి. తరువాత తోలునకు మాఱుగా తారు పూసిన గుడ్డలును, ప్లాస్టిక్కు పట్టలును వచ్చినవి. పుట్టికి ముందు వెనుకలు లేవు. తెడ్డు పట్టినవాని నేర్పే దానికి దారి చూపును. తెడ్డు వేయువాడు అలసినచో ఆ సంగతి వానికే మొదట తెలియును. ఊపిరి ఆడకున్నచో ఆగి, ఊపిరి తీసికొని, మఱల తెడ్డు వేయును.

1955 డిసెంబరు 10వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ నందికొండ యొద్ద నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967లో దాని కాలువలకు నీరు విడువబడెను. ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి లోయ నీట మునుగగా, త్రవ్వి తీసిన శిల్పములను నాగార్జునకొండపై మ్యూజియమున నిలిపిరి. ఆ కొండ నేడొక దీవి. అచ్చటికి లాంచీలోనే పోవలెను. ఎగువన శ్రీశైలము యొద్ద మఱియొక ఆనకట్ట లేచెను. 1980వ దశకపు తొలినాళ్లలో దాని జలాశయము నిండగా పాలమూరు, కర్నూలు జిల్లాలలోని పెక్కు గ్రామములు మునిగినవి. కూడలి సంగమేశ్వరుని ఆలయమును ఱాయి ఱాయిగా విప్పి ఆలంపురమునకు తరలించి కట్టిరి. కొల్లాపురమునకు చేరువనున్న సోమశిల యొద్ద ఏఱు సరస్సువలె విరివియైనది. 2016లో జిల్లాలను విభజించినప్పుడు ఆ ప్రాంతము నాగరుకర్నూలు జిల్లాలో చేరినను, జనుల నోట నేటికిని అది పాలమూరు సీమయే.

ఏఱు సరస్సైన చోట తెడ్డు చాలలేదు. నీటి వెడల్పు పెరిగెను, లోతు పెరిగెను, గాలి లేచినప్పుడు అలలు పెరిగెను. కావున మరపడవలు వచ్చినవి. యాత్రికులను చేర్చు పెద్ద లాంచీలకు ఇంజను పడవ గర్భముననే ఉండును. చిన్న పడవలకును, వరదలలో జనులను కాపాడు దళముల పడవలకును ఇంజనును పడవ వెనుక పలకకు వెలుపల తగిలింతురు. 2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రలు పొంగి కర్నూలు పట్టణమును, ఆలంపురపు ప్రాంతమును ముంచెత్తిన సంగతి ఆ సీమవారు మఱువలేదు. అట్టి దినమున ఇంజను మొదటి లాగుడునకే మేల్కొనవలెను. నడినీట ఆగిపోయిన ఇంజను ఇంజను కాదు, పడవకు బరువు మాత్రమే.

తెడ్డు వేయువాని అలసట వానికి తెలియును. ఇంజను అలసట ఎవరికి తెలియవలెను? దానిని నడుపువానికి తెలియవలెను. ఇంజనునకు ఊపిరి తీయు ద్వారములు కలవు. వానికి కవాటములని పేరు. జనులు వాల్వులందురు. ఆ ద్వారములు సరిగా తెఱచుకొని, సరిగా మూసికొనునట్లు చూచుట పడవ నడుపువాని విధులలో ముఖ్యమైనది.

పడవకు వెలుపల తగిలించు ఇంజను నూఱేండ్లకు పైబడిన వస్తువు. నార్వే దేశమున పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ అను పనివాడు 1909లో మిల్వాకీ నగరమున అట్టి ఇంజనులను చేసి అమ్మసాగెను. అనేక దశాబ్దములు అట్టి ఇంజనులలో హెచ్చుభాగము ద్విఘాత యంత్రములు. పిస్టను ఒకసారి పోయి ఒకసారి వచ్చునంతలో వాని పని ముగియును. వానికి తెఱచి మూయు కవాటములు అంతగా అక్కఱలేదు. సిలిండరు గోడలోని రంధ్రములను పిస్టనే తన రాకపోకలతో తెఱచి మూయుచుండును. కాని అందు పెట్రోలుతో నూనెను కలిపి మండింపవలెను. మండని నూనె కొంత పొగతోపాటు నీటిలో కలియును. 1964లో జపాను దేశపు హోండా సంస్థ చతుర్ఘాత యంత్రమును పడవకు తగిలించునట్లు చేసి వెలువరించెను. ఇందు నూనె వేఱుగా ఉండును, పెట్రోలుతో మండదు. నాగార్జునసాగరపు నీరు హైదరాబాదు నగరమునకును, ఫ్లోరైడు వలన బాధపడిన నల్లగొండ పల్లెలకును త్రాగునీరైనది. అట్టి నీటిపై నూనె తెట్టు కట్టకుండుట మేలు కదా! ఐతే చతుర్ఘాత యంత్రమునకు కవాటములు తప్పవు. కవాటములున్నచో వాని సవరణయు తప్పదు.

చతుర్ఘాత యంత్రము ఊపిరి తీయు విధము ప్రాణాయామమును తలపించును. యోగి పూరకమున గాలిని లోనికి పీల్చును, కుంభకమున బిగబట్టును, రేచకమున విడుచును. ఇంజనునకు ఈ మూడింటి నడుమ మఱియొక క్రియ కూడ కలదు. మొదటి ఘాతమున పిస్టను వెనుకకు జరుగుచు గాలిని, పెట్రోలు ఆవిరిని పీల్చును. అప్పుడు ప్రవేశ కవాటము తెఱచియుండును. రెండవ ఘాతమున పిస్టను తిరిగి వచ్చి ఆ మిశ్రమమును అదుమును. అప్పుడు రెండు కవాటములును మూసియుండవలెను. మూడవ ఘాతమున నిప్పురవ్వ తగిలి మిశ్రమము మండి పిస్టనును బలముగా త్రోయును. పడవను నడుపునది ఈ త్రోపే. ఇప్పుడును రెండు కవాటములు మూసియే ఉండవలెను. నాలుగవ ఘాతమున పిస్టను మఱల వచ్చి కాలిన వాయువులను వెలికి నెట్టును. అప్పుడు విసర్జన కవాటము తెఱచుకొనును.

ఈ నాలుగు ఘాతములకు క్రాంకు ఇరుసు రెండు చుట్లు తిరుగును. ఆ రెండు చుట్లలో ఒక్కొక్క కవాటము ఒకసారి తెఱచుకొని మూసికొనును. నిమిషమునకు 3000 చుట్లు తిరుగు ఇంజనులో ఒక్కొక్క కవాటము నిమిషమునకు 1500 సారులు, అనగా సెకనునకు 25 సారులు తెఱచి మూయబడుచుండును. మనము ఒకసారి ఱెప్ప వేయునంతలో ఆ ద్వారము పలుమాఱులు తెఱచి మూసినదన్నమాట.

ఇంత వేగముగా దానిని తెఱచునది యేది? పాత చిన్న ఇంజనులలో ఈ పనిని చేయు అమరిక పల్లెలోని ఏతమువంటిది. ఏతపు మాను నడుమ ఇరుసుపై ఊగును. ఒక కొన లేచిన రెండవ కొన వంగును. ఇంజనులో అట్టి చిన్న ఏతమునకు రాకరు అని పేరు. క్యాము అను ఉబ్బెత్తు చక్రము తిరుగుచు ఒక సన్నని కడ్డీని నెట్టును. ఆ కడ్డీ రాకరు ఒక కొనను లేపును. రెండవ కొన వంగి కవాటపు కాడను నొక్కగా కవాటము తెఱచుకొనును. ఉబ్బెత్తు దాటిపోగానే బలమైన స్ప్రింగు కవాటమును వెనుకకు లాగి దాని పీఠముపై గట్టిగా కూర్చుండబెట్టును.

కవాటము మూసియున్నప్పుడు రాకరు కొనకును కవాటపు కాడ కొనకును నడుమ కొంచెము సందు ఉండవలెను. తగులుచు ఉండరాదు. ఈ సందు కంటికి ఆననంత సన్ననిది. సాధారణముగా చిన్న ఇంజనులలో ఇది 0.10 మిల్లీమీటరు మొదలు 0.30 మిల్లీమీటరు వఱకు ఉండును. మనము వ్రాసికొను కాగితపు దళసరి సుమారు 0.10 మిల్లీమీటరు. కనుక ఒక కాగితము మొదలు మూడు కాగితముల దళసరి వఱకు అన్నమాట. ఏ ఇంజనునకు ఎంత సందు కావలెనో దానిని చేసినవారు పుస్తకమున తెలుపుదురు. ప్రవేశ కవాటమునకు కొంత తక్కువగను, విసర్జన కవాటమునకు కొంత ఎక్కువగను చెప్పుట వాడుక.

ఈ సందు ఎందులకు? లోహము వేడిచే పెరుగును గనుక. బండిచక్రమునకు ఇనుప పట్టా తొడుగు కమ్మరిని చూచినవారికి ఈ సంగతి తెలియును. పట్టా చల్లగా ఉన్నప్పుడు చక్రముకంటె చిన్నది. దానిని నిప్పులలో కాల్చిన పెరిగి చక్రముపై సులువుగా దిగును. నీళ్లు చల్లగానే ముడుచుకొని చక్రమును బిగించి పట్టుకొనును. పూర్వము రైలుపట్టాల కొనల నడుమ సందు విడుచుటకును ఇదియే కారణము.

ఉక్కు కడ్డీ మీటరు పొడవున్నది 100 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 1.2 మిల్లీమీటరు పెరుగును. ఈ లెక్క చొప్పున 100 మిల్లీమీటరుల పొడవుగల కడ్డీ 500 డిగ్రీలు వేడెక్కిన సుమారు 0.6 మిల్లీమీటరు పెరుగవలెను. ఇంజను పనిచేయునప్పుడు విసర్జన కవాటపు తల ఎఱ్ఱగా కాలునంత వేడెక్కును, కాడ అంతకంటె తక్కువగా వేడెక్కును. చుట్టునున్న సిలిండరు తలయు వేడెక్కి కొంత పెరుగును గనుక కాడ పెరుగుదలలో కొంతభాగము అచ్చటనే సరిపోవును. మిగిలిన దానికి చోటు చూపునదే ఈ సందు. ప్రవేశ కవాటమును లోనికి వచ్చు చల్లగాలి చల్లార్చుచుండును. అందుచే దాని కాడ అంతగా పెరుగదు, దానికి తక్కువ సందు చాలును.

సందు మితిమీరినను లోపమే, తగ్గినను లోపమే. ఈ రెండు లోపముల స్వభావము ఒకటి కాదు. సందు ఎక్కువైనచో రాకరు కాడను తాకుటకు ముందు వట్టి దూరము ప్రయాణింపవలెను. కవాటము ఆలస్యముగా తెఱచుకొని, తెఱచుకొనవలసినంత తెఱచుకొనదు. ఇంజను నిండుగా ఊపిరి తీయజాలక బలము తగ్గును. పైగా రాకరు కొన సుత్తివలె కాడపై కొట్టుచుండుటచే టకటకమను చప్పుడు పుట్టును. ఆ చప్పుడే హెచ్చరిక. విన్నవాడు వచ్చి చూచును.

సందు తగ్గినచో చప్పుడు లేదు. ఇంజను మునుపటికంటె మెత్తగా పలుకును. కాని వేడెక్కి కాడ పెరిగినప్పుడు సందు పూర్తిగా నశించి, రాకరు కవాటమును వెండ్రుకవాసి తెఱచియే ఉంచును. మూసికొనవలసినప్పుడు కవాటము పీఠముపై కూర్చుండదు. విసర్జన కవాటమునకు పట్టిన వేడిలో అధికభాగము అది పీఠముపై కూర్చున్న ఆ కొద్ది క్షణములలోనే పీఠమునకు, అచ్చటినుండి చల్లని నీరు ప్రవహించు గోడలకు చేరవలెను. కూర్చుండనిచో వేడి పోవు దారి మూసికొనును. మండు వాయువులు ఆ వెండ్రుకవాసి సందున దూసుకొనిపోవుచు కవాటపు అంచును కాల్చి కొఱికివేయును. అటుపిమ్మట ఎంత సవరించినను అది మూసికొనదు. క్రొత్త కవాటము వేయవలసినదే.

ఈ లోపము ఎట్లు పుట్టునో తెలిసికొనదగినది. రాకరు కొన అరిగినచో సందు పెరుగును. కాని కవాటమును, పీఠమును ఒండొంటిపై కొట్టుకొని అరిగినచో కవాటము పీఠములోనికి కొంచెము కొంచెముగా దిగిపోవును. దాని కాడ ఆ మేరకు రాకరు వైపునకు లేచి సందును మ్రింగివేయును. ఇట్లు వాడుక వలననే, ఎవరి తప్పును లేకయే, సందు క్రమముగా తగ్గును.

ఒక ఉదాహరణము చెప్పుకొందము. సోమశిల రేవున ఒక యువకునికి చిన్న చేపల పడవ ఉన్నదనుకొందము. దాని వెనుక ఒకే సిలిండరుగల పాత చతుర్ఘాత ఇంజను తగిలించియున్నది. ఆ రేవుననే ఒక ముసలి మిస్త్రీ కలడు. ఆయన వయసున ఉన్న నాళ్లలో ఆ సీమ బావులపై ఆయిలు ఇంజనులు వెలసియుండెను. మోటలు పోయి ఆయిలు ఇంజనులు వచ్చుట, ఆపై కరెంటు మోటారులు వచ్చి ఆయిలు ఇంజనులను చాలవఱకు తప్పించుట ఆయన కన్నులార చూచినాడు. బావిగట్టుననే కవాటముల సవరణ నేర్చినాడు. ఇంజను బావిపైనున్నను పడవపైనున్నను కవాటపు ధర్మము ఒకటియే.

ఒకనాటి ఉదయమున యువకుడు వలలు తీయబోయి, సగము దూరమున ఇంజను బలము తప్పగా, ఎట్లో రేవు చేరినాడు. నడినీట ఇంకను వలలున్నవి. ప్రొద్దెక్కిన కొలది వలలోని చేప చెడును. మంచుగడ్డల పెట్టెలతో బేరగాండ్రు గట్టున వేచియున్నారు.

“తాతా, ఇంజనుకు బలము చాలుట లేదు. ప్రొద్దున లాగి లాగి చేతులు పడిపోయినవి. కాని నెల దినములనుండి చప్పుడు మాత్రము పోయినది. మునుపు టకటకమని కొట్టుచుండెడిది. తనంతట తానే బాగుపడినదనుకొంటిని,” అని యువకుడనెను.

“చప్పుడు పోయినదా? అట్లయిన ఇప్పుడే చూడవలెను బిడ్డా. ఇంజను తనంతట తాను బాగుపడదు,” అని మిస్త్రీ లేచెను. ఇంజనుపై చేయి పెట్టి చూచి, “కాలుచున్నది. సాయంకాలము చూతము,” అనెను.

“సాయంకాలమా! వలలో చేప ఏమగును తాతా? రెండు నట్లు త్రిప్పు పనియే కదా!”

“వేడి ఇంజనులో కాడ పెరిగియున్నది. ఆ పెరిగిన కాడకు సందు కొలిచిన ఆ కొలత అబద్ధము. పుస్తకములోని కొలత చల్లని ఇంజనుకు వ్రాసినది. ఇప్పుడు త్రిప్పినచో నీ ఇంజనును నేనే చెఱచినవాడనగుదును. దగ్గఱి వలలకు పుట్టి వేసికొని పో. దూరపు వలలు ఉండనీ. చేప పోయిన రేపు మఱల పడును. నడినీట గాలి లేచినప్పుడు ఇంజను ఆగిన నీవు మఱల దొరకవు.”

యువకుడు మాఱుమాట లేక పుట్టిలో దిగి తెడ్డు పట్టెను. ఆనాడు వానికి నష్టము వాటిల్లిన మాట నిజము. పట్టులో సగము కూడ చేతికి రాలేదు.

ప్రొద్దు వాలినపిమ్మట ఇంజను చల్లబడెను. మిస్త్రీ పడవను గట్టునకు లాగించెను. నీటిపై తేలు పడవలో ఈ పని చేయరాదు. చేజాఱిన చిన్న నట్టు కృష్ణలో పడిన మఱల రాదు. ఆయన యువకుని చేతనే ఈ క్రింది పనులన్నియు చేయించెను.

మొదట గేరును తటస్థముగా ఉంచి, ఇంజనును ఆపు మీట తాడును తీసివేయించెను. చేతులు లోపలనుండగా ఇంజను పొరపాటున మేల్కొనరాదు. పైమూతను విప్పి, స్పార్కు ప్లగ్గును ఊడదీయించెను. ప్లగ్గు తీసినచో లోపల గాలి అదుముకొనదు గనుక చక్రమును చేతితో సులువుగా త్రిప్పవచ్చును. పిమ్మట సిలిండరు తలపైనున్న కవాటముల మూతను, దాని క్రింది గాస్కెట్టు చిరుగకుండ, మెల్లగా తీయించెను.

పడవకు తగిలించు ఇంజనులో ఒక వింత కలదు. అందు క్రాంకు ఇరుసు నిలువుగా నిలిచి, ఫ్లైవీలు అను బరువైన చక్రము తలపాగవలె అన్నిటికంటె పైన ఉండును. సిలిండరు అడ్డముగా పండుకొనియుండును. కావున పిస్టను శీర్షస్థానమున ఉన్నదనిన, ఆకాశమువైపు ఉన్నదని కాక, సిలిండరు తలకు మిక్కిలి దగ్గఱగా జరిగియున్నదని అర్థము. చక్రముపైనున్న గుర్తు ఇంజనుపైనున్న గుర్తునకు ఎదురుగా వచ్చినప్పుడు పిస్టను శీర్షస్థానమున ఉండును.

“చక్రమును అది తిరుగు దిక్కుననే త్రిప్పుము. వెనుకకు త్రిప్పవద్దు. అడుగున నీరు తోడు పంపులో రబ్బరు ఱెక్కలున్నవి. వెనుకకు త్రిప్పిన అవి విఱుగవచ్చును,” అని మిస్త్రీ హెచ్చరించెను.

యువకుడు గుర్తులు కలియువఱకు త్రిప్పి, “వచ్చినది తాతా,” అనెను.

“వచ్చినది. కాని ఏ శీర్షస్థానము? నాలుగు ఘాతములలో పిస్టను రెండుసారులు తలకు దగ్గఱగా వచ్చును. గాలిని అదిమినప్పుడొకసారి, పొగను విడిచినప్పుడొకసారి. పొగను విడిచిన పిమ్మట రెండు కవాటములును కొంచెము కొంచెము తెఱచియుండును. అప్పుడు సందు కొలిచిన సందే కనబడదు. తెలియనివాడు స్క్రూను వదులుచేసి ఇంజనును చెఱచును. ప్లగ్గు రంధ్రముపై బొటనవ్రేలు పెట్టి మఱల త్రిప్పి చూడు.”

యువకుడు అట్లే చేసెను. ఒక చుట్టున ఏమియు తోచలేదు. మఱుచుట్టున లోపలి గాలి బొటనవ్రేలిని బలముగా నెట్టెను. ఆ నెట్టుడుతో గుర్తులు కలిసినచోటే అదుము ఘాతపు శీర్షస్థానము. అచ్చట రెండు కవాటములును మూసియుండును. అచ్చటనే కొలువవలెను.

అప్పుడు మిస్త్రీ తన సంచినుండి ఫీలరు గేజిని తీసెను. అది విసనకఱ్ఱవలె విచ్చుకొను సన్నని ఉక్కు ఱేకుల కట్ట. ఒక్కొక్క ఱేకుపై దాని దళసరి చెక్కియుండును. ఆ ఇంజను పుస్తకమున విసర్జన కవాటమునకు 0.20 మిల్లీమీటరని ఉన్నదనుకొందము. 0.20 ఱేకు దూఱలేదు. 0.10 ఱేకు దూఱలేదు. అన్నిటికంటె సన్ననిదైన 0.05 ఱేకు కూడ దూఱలేదు. యువకుని ముఖము వెలవెలబోయెను. నెలదినములుగా వాడు బాగుపడినదనుకొన్న ఇంజను లోలోపల కాలుచుండెనన్నమాట.

సవరణకు రెండు చేతులును కావలెను. రాకరు కొననున్న స్క్రూను ఒక నట్టు బిగించి పట్టియుండును. పానాతో ఆ నట్టును వదులుచేసి, సందులో 0.20 ఱేకును పెట్టి, స్క్రూను కొంచెము కొంచెముగా త్రిప్పవలెను. ఱేకు వదులుగా ఆడరాదు, బిగిసిపోరాదు. పుస్తకపు పుటల నడుమనుండి కాగితమును లాగినట్లు, కొంచెము పట్టుతో జరుగవలెను. అప్పుడు స్క్రూ కదలకుండ పట్టుకొని నట్టును బిగింపవలెను. బిగించునప్పుడు స్క్రూ వెండ్రుకవాసి తిరిగినను కొలత మాఱును. అందుచే బిగించిన వెనుక మఱల కొలువవలెను. యువకుడు మొదటిసారి బిగించి కొలువగా ఱేకు కదలలేదు. రెండవసారి వదులైనది. మూడవసారి సరిపోయినది. ప్రవేశ కవాటమును కూడ దాని కొలత చొప్పున అట్లే సవరించిరి. సిలిండరులు రెండుగాని అంతకంటె ఎక్కువగాని ఉన్న ఇంజనులో ఒక్కొక్క సిలిండరును దాని అదుము ఘాతపు శీర్షస్థానమునకు తెచ్చి ఇట్లే చేయవలెను.

పిమ్మట మిస్త్రీ చక్రమును రెండు చుట్లు త్రిప్పించి, గుర్తులు కలిసినచోట మఱల కొలిపించెను. కొలతలు నిలిచినవి. ప్లగ్గు రంధ్రముపై బొటనవ్రేలు పెట్టి చూడగా నెట్టుడు ఉదయముకంటె బలముగా ఉన్నది. కవాటపు అంచు ఇంకను పూర్తిగా కాలలేదని దాని అర్థము. అప్పటికిని నెట్టుడు బలహీనముగానే ఉన్నచో సిలిండరు తలను విప్పి కవాటమును చూడక తప్పదు. మూత బిగించి, ప్లగ్గు వేసి, పడవను నీటిలోనికి త్రోసి, ఇంజను అడుగు నీట మునిగినపిమ్మటనే దానిని నడిపిరి. నీరు లేక నడిపినచో చల్లార్చు పంపు క్షణములలో చెడును. రెండవ లాగుడునకు ఇంజను మేల్కొనెను. సన్నగా, సమముగా, కొలతకు తగిన చప్పుడు వినవచ్చెను.

“కొంచెము చప్పుడున్నది తాతా,” అని యువకుడనెను.

“ఉండవలెను. సందు ఉన్నదని అది చెప్పుచున్నది,” అని మిస్త్రీ బదులు చెప్పెను.

యువకుడు కూలి ఈయబోగా మిస్త్రీ దానిని తీసికొని, మఱియొకటి అడిగెను. “నీ యొద్ద నోటుపుస్తకమున్నదా? దానిలో నేటి తేదీ వ్రాయుము. సవరించుటకు ముందు సందు ఎంత, సవరించిన వెనుక ఎంత, రెండును వ్రాయుము. పుస్తకము చెప్పిన గంటలు నడిపిన వెనుక, చప్పుడున్నను లేకున్నను, మఱల కొలిచి దాని క్రింద వ్రాయుము. సందు పెరిగిన చెవికి తెలియును. తగ్గిన చెవికి తెలియదు. నీ వ్రాతయే దానిని తెలుపును.”

రేవున దీపము లేదు. యువకుడు ఫోను వెలుగును మోకాలిపై పెట్టుకొని, చేపల లెక్కలు వ్రాసికొను నోటుపుస్తకపు చివరి పుటను తెఱచి, రెండు కవాటముల కొలతలను వ్రాసెను. మఱునాడు తెల్లవాఱకముందే దూరపు వలలకు పోవలసియున్నది.